గుత్తకు కుదిరిన పుల్లన్న

హైవే పక్కన దాబా పెట్టిన దగ్గర్నుంచి నేరేళ్ల వాగు అడవికి కొవ్వు పట్టింది. దాబా వెనక పారబోసిన బిర్యానీ తిని తిని అడవిపందికి మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయింది. కుందేలు నాలుగు గంతులేసి కూర్చుని రొప్పేది. ఒకరోజు వేటకుక్కలు తరిమితే ముసలి దుప్పి పరిగెత్తలేక ముళ్లపొదలో పడి, అదృష్టం బాగుండి బతికింది. దాంతో అందరికీ భయం పట్టుకుంది.

వాగు ఒడ్డున ఇసుక చదును చేశారు. ఎత్తడానికి గుండ్లు దొర్లించుకొచ్చారు. చింతకొమ్మకి అడవితీగ వేలాడదీసి, అందరి కోసం ఒక తాలింఖానా పెట్టుకున్నారు. తలా కాసిని గింజలు వేస్తే చాలు, ఎవరైనా వచ్చి కసరత్తు చేసుకోవచ్చు. పెద్ద ఎలుగుబంటి ప్రెసిడెంటు. నక్క జంబయ్య సెక్రటరీ. ఎలుగు మంచివాడే, కాని మీటింగుల్లో నిద్రపోతాడు. అందుకని వ్యవహారమంతా జంబయ్య చేతిలోకి వచ్చింది.

నేర్పడానికి పుల్లన్న దొరికాడు. పుల్లన్న ఎద్దు. ఊళ్లో గానుగ తిప్పీ తిప్పీ, ఒకనాడు పలుపు తెంపుకుని అడవికి వచ్చేసినవాడు. బరువు మొయ్యడం గురించి అతనికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"జీతానికి పెట్టుకుంటారా జంబయ్యా?" అని అడిగాడు.

జంబయ్య నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "గానుగ దగ్గర జీతగాడివి, ఇక్కడా జీతగాడివేనా? నిన్ను గుత్తకి పెట్టుకుంటాం పుల్లన్నా! కోతలు గుత్తకి పట్టినవాణ్ణి చూళ్లేదూ, ఎంత దర్జాగా ఉంటాడో! ఒకడికి జవాబు చెప్పక్కర్లేదు. నీకు నువ్వే యజమానివి."

"మరి గడ్డి? కొట్టం?"

"యజమానికి ఇంకొకడు గడ్డి వెయ్యడమేంటయ్యా, నామోషీ కాదూ? పని చేసిన పూట ఉలవలు తీసుకో. తక్కినవి నువ్వు చూసుకో."

పుట్టిన దగ్గర్నుంచి మెడ మీద కాడి తప్ప మరొకటి ఎరగని వాణ్ణి పట్టుకుని యజమానీ అంటే ఎలా ఉంటుంది? పుల్లన్న కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రం తోక కాస్త పైకెత్తి మరీ నడిచాడు. కథంతటిలోకీ నాకు కడుపు తరుక్కుపోయేది ఇక్కడే.

పనిలో దిగాక జంబయ్య ఒక్కొక్కటే బయటపెట్టాడు. కోడి కూయకముందే రావాలి. మెడకి తాలింఖానా ఎర్రగుడ్డ కట్టుకోవాలి. ముందు గుండ్లు, తర్వాత తీగ, ఆ వరస తప్పకూడదు. కొండవతల కోతులు పిలిచి, సాయంత్రం పూట తమకీ నేర్పమంటే, దానికీ అడ్డం పడ్డాడు.

"మా దగ్గర చేస్తూ బయట ఎలా చేస్తావ్? మా పరువేం కావాలి? వీల్లేదు."

పుల్లన్న వీపు మీద ఎప్పుడూ ఒక కొంగమ్మ ఉండేది. ఈగల్ని ఏరి తినేది, లోకం సంగతులు చెప్పేది. "ఇదెక్కడి యజమానిగిరీ అన్నా? గానుగవాడే నయం, అబద్ధం చెప్పలేదు" అంది.

"ఊరుకో చెల్లెమ్మా. పదిమంది కలిసి పెట్టుకున్నది. వాళ్ల పద్ధతులు వాళ్లకుంటాయి" అన్నాడు పుల్లన్న.

వానలు మొదలయ్యాయి. ఓ ఉదయం అడవిపంది గొప్పకి పోయి, తన వల్ల కాని గుండు తల మీదికి ఎత్తింది. తడి ఇసుకలో కాలు జారింది. గుండు పంది నెత్తిన పడేదే, పుల్లన్న అడ్డం వెళ్లాడు. పంది బతికిపోయింది. గుండు పుల్లన్న ముందరి కాలి మీద పడింది.

పంది గొల్లుమని ఏడ్చింది. జంబయ్య కూడా వచ్చి "అయ్యో, అయ్యో" అన్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"పని చేసిన పూటే ఉలవలు, అనుకున్నాం కదా పుల్లన్నా. గుత్తదారు కాలు విరిగితే పొలం రైతు కట్టు కడతాడా చెప్పు?"

పెద్ద ఎలుగు ఆ సాయంత్రమే సెక్రటరీని పిలిచి అడిగాడు. "పాపం, ఆ ఎద్దుకి మనమేమైనా చెయ్యొద్దూ?"

"అతను మన మనిషి కాదండీ, గుత్తదారు. మనం కలగజేసుకుంటే అతని మర్యాదకే లోటు" అన్నాడు జంబయ్య.

"అలాగా" అని ఎలుగు తల గోక్కున్నాడు. ఆ మాట మింగుడు పడలేదు గాని, పట్టుకుని అడగడం చేతకాక ఊరుకున్నాడు.

కుంటికాలితో మేతకి వెళ్లలేక పుల్లన్న పొద కింద వానలో తడుస్తూ పడుకున్నాడు. డొక్కలు లోపలికి పోయాయి.

"ఇక గానుగకే తిరిగి పోతాను చెల్లెమ్మా" అన్నాడు. "వాడు ఈ కాలితోనే కడతాడు. కట్టినా, ఇంత తిండి పడేస్తాడు."

ఈ కాలితో గానుగ తిప్పితే ఎన్నాళ్లు ఉంటాడో కొంగమ్మకి తెలుసు. దానికి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే ఒళ్లు మండింది.

"ఒక్క పూట ఆగన్నా. కోతలు గుత్తకి పట్టిన మేస్త్రికి జ్వరమొస్తే ఏం చేస్తాడు?"

"తన బదులు ఇంకొకణ్ణి పంపుతాడు. పని అయితే చాలు కదా, ఎవరు చేస్తే ఏం?"

"అయితే నన్ను పంపు."

"నువ్వా? నీకేం కసరత్తు వచ్చు తల్లీ?"

"నాకొచ్చిందే నేర్పుతా."

మర్నాడు కొంగమ్మ బాగా పొద్దెక్కాక, ఎర్రగుడ్డ ఊసే లేకుండా, తాలింఖానాకి వచ్చింది. గుండ్లూ తీగా పక్కన పెట్టించింది. అందర్నీ నీళ్లలో దింపి, ఒంటికాలి మీద నిలబెట్టింది.

"కదలొద్దు! ఎదురుగా చేప ఉందనుకోండి. అది దగ్గరికి వచ్చేదాకా ఊపిరి కూడా గట్టిగా పీల్చొద్దు!"

పంది ఒరిగి కుందేలు మీద పడింది. దుప్పి కొమ్ములు చింతకొమ్మలో చిక్కాయి. ఆ పూట కసరత్తుకి వచ్చిన పెద్ద ఎలుగు ఒడ్డున బండని కౌగిలించుకుని, ఒక కాలు గాల్లో పెట్టి, చాలా శ్రద్ధగా వణుకుతున్నాడు. సరిగ్గా అప్పుడు జంబయ్య వచ్చాడు.

"ఏమిటీ భాగోతం? ఎవరు రానిచ్చారు నిన్ను?"

"ఇది పుల్లన్న గుత్త. ఆయన పంపితే వచ్చా" అంది కొంగమ్మ.

"వాడెవడు పంపడానికి? నన్నడక్కుండా ఇక్కడ గడ్డిపోచ కదలకూడదు! ఎప్పుడు రావాలో చెప్పేది నేను. ఏం నేర్పాలో చెప్పేది నేను. మెడకి గుడ్డ కట్టమన్నదీ నేనే! వాడు రమ్మంటే రావాలి, మానమంటే మానాలి. తన ఇష్టమొచ్చినట్టు చెయ్యడానికి వాడేమన్నా యజమానా?"

"కాదా? మరెవరు?"

"నేను!"

కొంగమ్మ నింపాదిగా రెండో కాలు కింద పెట్టింది. పెద్ద ఎలుగు కూడా పెట్టాడు.

"జంబయ్యా, అతను మన మనిషి కాదని నాతో నువ్వే అన్నావే" అన్నాడు.

జంబయ్య నసిగాడు. "అది... అది తిండి విషయంలోనండీ. ఇది పని విషయం కదా..."

"పనికి మనవాడు, నొప్పికి పరాయివాడూనా?" ఎలుగు గొంతు అంత గట్టిగా ఉంటుందని అంతవరకూ ఎవరికీ తెలియదు. "నీ మాట విని ఊరుకున్నాను, సిగ్గుగా ఉంది నాకు. ఇప్పుడు తేల్చు. గుత్తే అంటావా, రోజూ కొంగమ్మే వస్తుంది, ఒంటికాలే చేస్తాం, నువ్వు నోరెత్తకు. మనవాడంటావా, కాలు బాగయ్యేదాకా అతని గడ్డి మనది, కొట్టం మనది."

జంబయ్య చుట్టూ చూశాడు. నీళ్లలోంచి బురద కారుతూ పంది లేస్తోంది. దాని చూపు బాగాలేదు.

"మనవాడేనండీ" అన్నాడు చిన్నగా.

"మంచిది. కొట్టం మేం కడతాం. మొదటి గడ్డిమోపు సెక్రటరీగారు తేవాలి" అన్నాడు ఎలుగు.

సాయంత్రానికల్లా అందరూ కలిసి కొట్టం నిలబెట్టారు. వానలో, తడిసిన గడ్డిమోపు నోట కరుచుకుని ఈడ్చుకుంటూ జంబయ్య కొట్టం దగ్గరికి వచ్చాడు. గట్టు అడ్డమొచ్చింది. నడుం వంచి మోపు పైకి లాగబోయి "అమ్మా" అని మూలిగాడు. లోపల పడుకున్న పుల్లన్న చూసి ఉండబట్టలేకపోయాడు.

"అలా లాగకు జంబయ్యా, నడుం పట్టేస్తుంది. కాళ్లు మడిచి లే. తొందరేం లేదు. ఆఁ, ఊపిరి వదులు."

జంబయ్య తలెత్తి చూడలేకపోయాడు. చెప్పినట్టే కాళ్లు మడిచాడు, ఊపిరి వదిలాడు, గట్టెక్కాడు.

నీతి: మన మాట ప్రకారం నడిచేవాడి కాలినొప్పి కూడా మనదే.