పల్లకీలో గడిచిన పండగ

నీలకుర్తి రాజు ఎర్రభూపతికి ఆ ఏడు దసరా ముందు ఒక వింత కోరిక పుట్టింది.

"పండగ అయ్యేదాకా నా ఊళ్ళో ఎవరూ ఏడవకూడదు. ఏడిస్తే ఊరుకోను!" అని చాటింపు వేయించాడు.

చాటింపు ఇంకా వీధి మలుపు తిరగనే లేదు, కోట గుమ్మంలో ఏడుపు వినిపించింది. అదీ రెండు గొంతులతో.

రాజు మండిపడి ఇద్దరినీ సభకు పిలిపించాడు. ఒకడు కోటలో నగారా వాయించే కాటయ్య. రెండో మనిషి బట్టలకు రంగులద్దే లచ్చాంబ. నిన్నమొన్నటిదాకా మొగుడూ పెళ్ళాలు. పొసగక పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. చిన్నారి కూతురు పిన్నక్కను మాత్రం ఎవరూ వదులుకోలేదు.

"పండక్కి పిల్ల నా దగ్గరుండాలి ప్రభూ! తండ్రి నగారా వాయిస్తుంటే చూడకపోతే అది దసరాయేనా?" అన్నాడు కాటయ్య.

"మరి బొమ్మల కొలువు ఎవరు పెట్టిస్తారు? ఈయనా?" అంది లచ్చాంబ. "ఆ మోతకి పిల్ల చెవులు పోతాయి ప్రభూ!"

"నీ దగ్గరికొస్తే మోచేతులదాకా నీలిరంగు!"

"చాలు!" అని రాజు అరిచాడు. "ఈ తగువు తీర్చినవారికి నా మెడలో ముత్యాల హారం ఇస్తాను. తీరకపోతే పండగంతా పిల్ల మా అంతఃపురంలోనే ఉంటుంది. మీ ఇద్దరికీ లేదు!"

ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

ఆస్థాన పండితుడు దేవరాజభట్టు ఉత్తరీయం సర్దుకుంటూ లేచాడు. 'ధర్మనిర్ణయ సింహం' అనే బిరుదు ఆయనకుంది. ఇచ్చుకున్నది ఆయనే.

"సమానంగా పంచడమే ధర్మం ప్రభూ. కోట గంట మోగినప్పుడల్లా పిల్ల ఇల్లు మారాలి. పల్లకీలో పంపుదాం. ఎవరికీ రవ్వంత ఎక్కువా కాదు, తక్కువా కాదు!"

రాజుకు నచ్చింది. పండగ మొదలైంది.

పిన్నక్కకు లచ్చాంబ ఒకవైపు జడ వేసి రెండో పాయ పట్టుకునేసరికి గంట మోగింది. ఒంటిజడతోనే పల్లకీ ఎక్కించారు. కాటయ్య నగారా ముందు కూర్చోబెట్టి కర్ర చేతికిచ్చేసరికి మళ్ళీ గంట. పెళ్ళికొడుకు బొమ్మ నాన్న ఇంట్లో, పెళ్ళికూతురు బొమ్మ అమ్మ ఇంట్లో ఉండిపోయాయి. అక్కడ సరిగా పెట్టారో లేదోనని ఇక్కడ బూరెలు, ఇక్కడ పెట్టారో లేదోనని అక్కడ బూరెలు. ఆపైన పల్లకీ ఊపు.

రెండు రోజులు తిరక్కముందే బోయీలు పల్లకీని తిన్నగా సభ ముందుకే తెచ్చి దించారు. పిన్నక్క పట్టుపరుపు మీద వాంతి చేసుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

కబురందగానే తల్లీ తండ్రీ పరుగెత్తుకొచ్చారు.

"బూరెలు కుక్కింది నువ్వే!"

"నువ్వు కుక్కినవే బయటికొచ్చాయి!"

"ఇక లాభం లేదు. పిల్లను అంతఃపురానికి పంపండి," అన్నాడు రాజు.

అప్పుడు ముమ్మడమ్మ లేచింది. రాణీవాసపు వ్యవహారాలన్నీ చక్కబెట్టే మనిషి ఆవిడ. ముందు పిన్నక్క మొహం కడిగి, రెండో జడ వేసి, పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత పండితుడి వైపు తిరిగింది.

"భట్టుగారూ, పల్లకీలో అటూ ఇటూ తిరగడం కష్టమంటారా?"

"కష్టమేమిటమ్మా! మెత్తటి పరుపు, చల్లటి గాలి. రాజభోగం!"

"కాటయ్యా, నువ్వేమంటావు?"

కష్టమంటే పిల్ల అంతఃపురం పాలవుతుందని కాటయ్య భయం. "సుఖమేనమ్మా," అన్నాడు నీళ్ళు నములుతూ.

"మరి నువ్వు, లచ్చాంబా?"

"ఉయ్యాలలా ఉంటుందమ్మా."

"నిండు సభలో అన్నారు. మళ్ళీ కాదనరు కదా?"

"అనం," అన్నారు.

ముమ్మడమ్మ రాజుకు నమస్కరించింది.

"ప్రభూ, వీళ్ళు కాపురమున్న ఇల్లు ఖాళీగానే ఉంది. రెండోవాళ్ళకు దక్కకూడదని ఇద్దరూ చెరో తాళం వేశారు. ఆ తాళాలు తీయించండి. పిన్నక్క తన ఇంట్లోనే కొలువు పెట్టుకుంటుంది. ఒక పూట అమ్మ, ఒక పూట నాన్న. ఇంత రాజభోగం పసిపిల్లకెందుకు?

"ఆ పల్లకీ అమ్మానాన్నల్నే ఎక్కనివ్వండి!"

సభ గొల్లుమంది.

"ఇది ఏ శాస్త్రంలోనూ..." అంటూ భట్టు లేవబోయాడు.

"మిమ్మల్ని మరిచిపోతామా! పంపకం సరిగా జరుగుతోందో లేదో చూడటానికి వంతు మారినప్పుడల్లా మీరూ పల్లకీలో వెళ్ళిరావాలి."

భట్టు రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు.

"వద్దమ్మా! పల్లకీ ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి!"

రాజు సింహాసనం మీద వెనక్కి వాలి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు.

లచ్చాంబ మాత్రం నవ్వలేదు. కూతురి ముందు కూర్చుని నుదురు తడిమి చూసింది. "పల్లకీ వద్దు ప్రభూ. నడిచే వస్తాను," అంది. "నేనూ అంతే," అన్నాడు కాటయ్య.

"అయితే గంట మోగితే నేను లేవక్కర్లేదా?" అని అడిగింది పిన్నక్క.

"అక్కర్లేదు!" అన్నారిద్దరూ ఒక్కసారే. ఒకరినొకరు చూసుకుని, గబుక్కున మొహాలు తిప్పుకుని, మొలలో ఒకరూ కొంగుముడిలో ఒకరూ తాళంచెవులు వెతుక్కున్నారు.

రాజు హారం తీసి ముమ్మడమ్మకు ఇవ్వబోయాడు. అది కాస్తా ఆయన చెవి కుండలానికి చిక్కుకుంది. లాగితే చెవి వస్తోంది గానీ హారం రావడం లేదు.

"తొందరేం లేదు ప్రభూ," అంది ముమ్మడమ్మ. "ఈ పూట చెవి మీ దగ్గరే ఉండనివ్వండి. హారం ఒక్కటే చాలు నాకు."

సభంతా మళ్ళీ నవ్వులే. అందరికంటే గట్టిగా నవ్వింది పిన్నక్క.