పొద్దుగూకితే పుట్టిల్లు

అనగా అనగా తంగేళ్ళగూడెం అని ఒక ఊరు. ఆ ఊళ్ళో కొమురవ్వ అని ఒక ముసలమ్మ, ఆవిడ కొడుకు సాయిలు, కోడలు అనసూర్య ఉండేవాళ్ళు. ఇలా దగ్గరికి జరుగు తల్లీ, కాళ్ళ మీద దుప్పటి కప్పుకో. ఇది ఆ కోడలి కథ.

అనసూర్యకు తల్లి చిన్నప్పుడే పోయింది. పెళ్ళై అత్తారింటికి వచ్చేనాటికి ఆ పిల్లకు రొట్టె తట్టడం కూడా రాదు. అన్నీ కొమురవ్వే నేర్పింది. రొట్టె తట్టడం నేర్పింది. చంటిబిడ్డకు నీళ్ళు పోయడం నేర్పింది. నలుగురిలో మాటకు మాట అప్పజెప్పడమూ నేర్పింది.

"ఏందే ఇది, రొట్టెనా ఊరి పొలిమేరనా? ఏ దిక్కుకు ఆ దిక్కు పోయింది" అనేది. తిడుతూనే ఆ వంకర రొట్టె తను తిని, గుండ్రటిది కోడలికి పెట్టేది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. కొమురవ్వ పెనిమిటి కాలం చేశాడు. అదీ జరిగి పదేళ్ళయింది. అప్పుడు కొమురవ్వకు మతిమరుపు మొదలైంది.

మొదట పొయ్యి మీద పప్పు పెట్టి మరిచింది. ఆ తర్వాత ఏ వారమో మరిచింది. ఆ తర్వాత మనుషుల్ని మరవడం మొదలుపెట్టింది. ఒకరోజు అనసూర్య అన్నం పెడుతుంటే తలెత్తి చూసి, "నువ్వెవరి పిల్లవే? పని మంచిగ జేస్తున్నవు" అంది. అనసూర్య నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పట్నం తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించారు. ఆవిడ అన్నీ అడిగింది, పరీక్షలు చేయించింది. ఆ తర్వాత కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. ముసలితనంలో అందరికీ వచ్చే మరుపూ కాదు. మెదడుకు వచ్చే జబ్బు, అల్జైమర్స్ అంటారు. గుమ్మిలోంచి వడ్లు పైనుంచి తోడుతాం చూడండి, ఈ జబ్బూ అంతే. నిన్నమొన్నటి సంగతుల్ని ముందు తోడేస్తుంది. అడుగున ఉన్న చిన్ననాటి సంగతులు చాలా రోజులుంటాయి. పోయినవాటిని తెచ్చిపెట్టే మందు ఇంకా లేదు. నేనిచ్చే మాత్రలు కొంచెం ఆసరా అంతే. మిగతాది మీ ఓపిక."

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. పగలంతా కొమురవ్వ బాగానే ఉండేది. పొద్దుగూకే వేళకు మాత్రం లోపల ఎవరో పిలిచినట్టు లేచేది. రెండు చీరలు మూట కట్టేది. చెప్పులు తొడిగేది.

"ఏడికి అత్తమ్మా?"

"మా అవ్వగారింటికి. నాకు ఒడిబియ్యం పోస్తరు. మా అన్న తొవ్వ చూస్తుంటడు."

ఒడిబియ్యం అంటే నీకు తెలుసా తల్లీ? పెళ్ళైన ఆడపిల్లను మూడేళ్ళకో అయిదేళ్ళకో పుట్టింటివాళ్ళు పిలుస్తారు. పీట వేసి కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో దోసిళ్ళతో పోస్తారు. నువ్వు మా పిల్లవే, నీకు మేమున్నాం అని చెప్పడం అన్నమాట.

కానీ కొమురవ్వకు అక్కడ ఎవరున్నారు? తల్లి లేదు, తండ్రి లేడు, అన్నా వదినా లేరు. ఆ ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో మక్కజొన్న చేను.

మొదటి సాయంత్రం సాయిలు అడ్డం నిలబడ్డాడు. సాయిలు మంచివాడే. అబద్ధం చెప్పడం రాదు, అంతే.

"అమ్మా, మామ పోయి ఎన్నేండ్లాయె! ఒడిబియ్యం ఎవలు పోస్తరు? నాయిన గూడ లేకపాయె."

కొమురవ్వ మూట కిందపడింది. "మీ నాయిన పోయిండా? ఎప్పుడు పోయిండు? నాకెందుకు చెప్పలేదురా?" అని నేల మీద కూలబడి, ఆ రోజే పోయినట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. పొద్దున లేచేసరికి ఏడ్చిన సంగతి మరిచింది. పెనిమిటి లేడన్న సంగతీ మరిచింది. సాయిలు ఒక్కడే ఏదీ మరవలేక, చాయ్ తాగకుండా పొలం పోయాడు.

రెండో సాయంత్రం తలుపుకు గొళ్ళెం పెట్టారు. అప్పుడు కొమురవ్వ ఆ తలుపును రెండు చేతులతో బాదింది. "ఎవలింట్లనో పెట్టి బంధించిన్రు, అన్నా!" అని అరిచింది. నలభై ఏళ్ళు తను అలికి ముగ్గేసిన ఇల్లు తల్లీ అది. అనసూర్య గొళ్ళెం తీసేసరికి ఆవిడ వేళ్ళు కమిలిపోయి ఉన్నాయి. కోడలు పసుపూ నూనే రాస్తుంటే, "నువ్వన్న మంచిదానివి. నన్ను పంపియ్యి బిడ్డా" అని బతిమాలింది.

ఎప్పుడూ గద్దించే అత్త అలా బతిమాలుతుంటే అనసూర్యకు ప్రాణం ఉసూరుమంది. ఎలాగైనా సరే, ఈవిడ ఏడవకుండా వెళ్ళాలి, ఏడవకుండా తిరిగి రావాలి అనుకుంది. ఎలాగో మాత్రం తోచలేదు.

మూడో సాయంత్రం కొమురవ్వ మూట కట్టింది. అనసూర్య ఆపలేదు. తనూ చెప్పులు తొడిగింది.

"పా అత్తమ్మా, నేనూ వస్త. నాకు తొవ్వ తెల్వదు, నువ్వే చూపెట్టాలె."

కొమురవ్వ మొహం ఇంతయింది. చెయ్యి పట్టుకుని నడిచింది. దారి పొడుగునా ఒకటే మాటలు. అన్న భుజాల మీద కూర్చుని జాతరకు పోయిందట. తండ్రి పండ్లమ్మే బండిని ఇంటికే పిలిపించాడట. అవ్వ జడ వేస్తే వారమైనా ఊడేది కాదట. తల్లి జడ వేస్తే ఎలా ఉంటుందో అనసూర్యకు తెలియదు. ఊ కొడుతూ వింది.

ఊరి చివర, అనసూర్యకు వరసకు చిన్నత్త అయ్యే బుచ్చవ్వ ఇల్లు ఉంది. అప్పుడే వాకిలి ఊడ్చి, గడప దగ్గర దీపం పెట్టింది బుచ్చవ్వ. ఆ దీపం చూసి కొమురవ్వ ఆగిపోయింది.

"వచ్చినం" అంది మెల్లగా. చొరవగా వెళ్ళి అరుగు మీద కూర్చుంది.

అప్పుడు అనసూర్యకు తోచింది. బుచ్చవ్వను పక్కకు పిలిచి చెవిలో చెప్పింది. బుచ్చవ్వ నోరు పెద్దది.

"ఏందే! నీ అత్త మతిమరుపు నీకంటిందా ఏంది? మొగుడు లేనిదానికి ఒడిబియ్యమా? ఊరు నవ్వదా?"

"మెల్లగ చిన్నత్తా. లేడన్న సంగతి ఆమెకు తెల్వదు. ఆమె మనసుల మామ పొలం కాడున్నడు. మనం చెప్పినప్పుడల్లా ఇయ్యాలనే పోయినట్టు ఏడుస్తది. ఒక్క మొగుణ్ణి ఎన్నిమాట్ల పోగొట్టుకోవాలె?"

అంతలో అరుగు మీద నుంచి కొమురవ్వ, బుచ్చవ్వను తన వదినే అనుకుని పలికింది.

"ఏంది వదినె, నన్ను జూసి మొకం గంటువెట్టుకున్నవు? బియ్యం లేకుంటే చెప్పు, మా ఇంటికెల్లి పంపిస్త!"

బుచ్చవ్వకు నవ్వాగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎన్నేండ్లయినా నీ నోరు దగ్గలే ఆడిబిడ్డా!" అంటూ లోపలికి వెళ్ళింది. చేటలో బియ్యం తెచ్చింది, పసుపు కలిపింది. ఎండుకొబ్బరి కుడకలు, పోకలు, పసుపు కొమ్ము తెచ్చింది. పీట వేసింది.

కొమురవ్వ కొంగు పరిచి, పెళ్ళికూతురిలా తలవంచుకుని కూర్చుంది. బుచ్చవ్వ దోసిలి పోసింది. అనసూర్య దోసిలి పోసింది. ఆ తర్వాత మళ్ళీ బుచ్చవ్వ. అయిదు దోసిళ్ళు నిండాయి. కుంకుమ భరిణె తీశాక మాత్రం బుచ్చవ్వ చెయ్యి గాలిలో ఆగింది. కొమురవ్వ నుదురు ముందుకు చాపి కళ్ళు మూసుకుని ఎదురు చూస్తోంది. బుచ్చవ్వ అటూ ఇటూ చూసి, నిండుగా బొట్టు పెట్టేసింది.

కొమురవ్వ ఒడిలోంచి ఒక పిడికెడు తీసి చేటలో వేసింది. "నా పుట్టిల్లు చల్లగుండాలె" అంది. అది వాడుక తల్లీ, ఆడపిల్ల ఉత్తిగా తీసుకుపోదు, దీవించి పోతుంది.

అనసూర్యకు దిగులు పట్టుకుంది. ఇక ఈవిడ పుట్టిల్లు వదిలి వస్తుందా? రానని మొండికేస్తే ఏం చెప్పాలి?

ఇంతలో కొమురవ్వ ఒడి ముడివేసుకుని తనే లేచి నిలబడింది.

"ఇగ పోతనే వదినె."

"ఇయ్యాలటికి ఉండరాదు?" అని బుచ్చవ్వ అలవాటుకొద్దీ అనేసి నాలిక కరుచుకుంది.

"ఎట్లుంట? ఒడి కట్టుకున్న ఆడబిడ్డ తన ఇల్లు చేరినంకనే ఒడి విప్పాలె. నీకు తెల్వదా?"

అనసూర్యా బుచ్చవ్వా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ తట్టలేదు ఆ సంగతి. కొమురవ్వ అప్పటికే వాకిలి దాటింది.

తిరుగుదారిలో ఆవిడ అడుగు వేగంగా పడింది. అనసూర్య వెనకే పరుగెత్తినట్టు నడిచింది.

"మెల్లగ పోదాం అత్తమ్మా. అంత తొందరేంది?"

"నీకేం తెల్సు పిల్లా? మా ఇంట్ల కోడలున్నది. తల్లి లేని పిల్ల. పొద్దుగూకితే ఒక్కతే ఉండలేదు, భయపడ్తది. జల్ది పోవాలె."

అనసూర్య రెండడుగులు గబగబా వేసి అత్త పక్కకు చేరింది.

"ఏం పేరు మీ కోడలిది?"

"అనసూర్య" అంది కొమురవ్వ, అడుగు ఆపకుండా.

నేనే అత్తమ్మా అని నోటిదాకా వచ్చింది తల్లీ. కానీ ఆ పిల్ల చెప్పలేదు. చెబితే అత్త తికమకపడుతుంది, ఆ నడక ఆగిపోతుంది. అందుకని, ఆవిడ ఒడిలో బియ్యం ఒలకకుండా ఒక చేత్తో ఆ కొంగు పట్టుకుని, తన కోసం తొందరపడుతున్న అత్త పక్కనే తనూ నడిచింది. సాయిలు వాకిట్లో నిలబడి ఉన్నాడు. కొమురవ్వ గడప దాటి లోపలికి వెళ్ళింది. ఏడవలేదు.

అప్పుడు కొమురవ్వకు అన్నీ గుర్తొచ్చాయా అంటావా? లేదు తల్లీ. మర్నాడు పొద్దుగూకే వేళకు మళ్ళీ మూట కట్టింది. బుచ్చవ్వ మళ్ళీ పిడికెడు బియ్యంలో పసుపు కలిపింది. సాయిలు కూడా నెమ్మదిగా నేర్చుకున్నాడు, "పోయిరా అమ్మా, పైలం" అనడం.

రోజూ తిరుగుదారిలో అనసూర్య ఆ మాటే అడిగేది, "మీ ఇంట్ల ఎవలుంటరు?" అని. కొన్నాళ్ళు పేరు వచ్చేది. కొన్నాళ్ళు వచ్చేది కాదు. రాని రోజున కూడా కొమురవ్వ, "ఒక పిల్లున్నదే, మంచిది, నా కోసం చూస్తుంటది" అనేది. అనసూర్యకు అది చాలేది.

కథేమో నడిచె కంచికి,
కొమురవ్వ చేరె ఇంటికి,
కునుకమ్మ రావె కంటికి,
పిల్లేమో అమ్మమ్మ చెంతకి.