దవడ తీపు

నిహిర కేస్ షీటు నాలుగు నిమిషాల్లో రాసేస్తుంది. తోటి నర్సింగ్ విద్యార్థినులు అరగంట కుస్తీ పడతారు. రోగి చెప్పింది ఫోన్‌లో ఇంగ్లీషులో కొట్టి ఏఐని అడగడం, అది ఇచ్చింది షీటులోకి దించెయ్యడం. అంతే ఆమె పని.

ట్యూటరు రూతమ్మ గారు ఫోను వద్దనలేదు. "ముందు రోగి అన్నమాట అన్నట్టు తెలుగులో రాయి. తరవాత దాన్ని ఎన్నయినా అడుక్కో" అనేవారు. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషి. నిహిరకి అది చాదస్తంలా తోచేది.

ఆ సోమవారం పొద్దున రొయ్యల షెడ్డులో పనిచేసే వరహాలమ్మ వార్డుకొచ్చింది. "దవడ తీపమ్మా, నీరసంగా ఉంది" అంది. హైదరాబాదులో పెరిగిన నిహిరకి తీపంటే తీపే. నోరు తియ్యగా ఉంటోంది, నీరసం అని కొట్టింది. షుగరు కావచ్చు, పరీక్ష చెయ్యండి అంది ఏఐ. ఇంకెక్కడైనా నొప్పి ఉందేమో అడగండి అని చివర్లో ఒక ముక్క కూడా రాసింది. నిహిర అంతవరకూ చదవలేదు.

రూతమ్మ గారు షీటు చూసి, "నోరు తియ్యగానా?" అంటూ తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళారు. వరహాలమ్మకి ముఖమంతా చెమటలు.

"ఏమైందమ్మా?"

"దవడ తీపండీ."

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తీపంటే సలుపు, నొప్పి. ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఈసీజీ తెప్పించారు. గుండెపోటు. వరహాలమ్మ బతికింది గానీ, ఇంకో గంట ఆగి ఉంటే దక్కేది కాదన్నాడు డాక్టరు.

మూడో రోజు ప్రిన్సిపాల్ ఒక కాగితం తయారు చేశారు. నిహిరకి వార్డు డ్యూటీ రద్దు. విద్యార్థులెవరూ ఏఐ వాడరాదు. ట్యూటర్లందరూ గప్‌చుప్‌గా సంతకాలు పెట్టేశారు, ఒక్క రూతమ్మ గారు తప్ప.

"నేను పెట్టను సార్."

"ఒక ప్రాణం పోయేదండీ!"

"పోయేది. వినకపోవడం వల్ల పోయేది. రేపు ఈ పిల్ల ఏ మారుమూల ఆస్పత్రిలోనో ఒక్కత్తే ఉంటుంది. మీరుండరు, నేనుండను. ఫోనుంటుంది. అప్పుడెవరు లాక్కుంటారు?"

"మీకు మెమో ఇవ్వాల్సొస్తుంది."

"రాయించండి. వచ్చి తీసుకుంటాను."

ప్రిన్సిపాల్ లాక్కుని బల్ల మీద పెట్టుకున్న నిహిర ఫోను అందుకుని ఆవిడ బయటికొచ్చేశారు. వరండాలో నిహిర ఏడ్చి ఏడ్చి ఉంది.

"నాకొద్దు మేడం. ఇంక దాన్ని ముట్టుకోను."

"ముట్టుకోకపోతే చెవులు వినిపిస్తాయా?"

ఫోను ఆమె చేతిలో పెట్టి, వరహాలమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టారు.

"అడుగు."

నిహిర ఫోను తెరిచింది.

"దాన్ని కాదు."

నిహిర సిగ్గుతో తల వంచుకుంది. ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"తీపు ఎక్కడ పుట్టిందమ్మా?"

వరహాలమ్మ ఆమె వేళ్ళు పట్టుకుని తన దవడ కింద ఆనించుకుంది. అక్కణ్ణించి మెడ మీదుగా ఎడమ భుజానికి, భుజం నుంచి మోచేతి దాకా నడిపించింది.

"ఇలాగ లాక్కొచ్చింది తల్లీ. నువ్వప్పుడు అడగలేదుగా."

నిహిర కాగితం తీసుకుంది. దవడ తీపు అని మొదలుపెట్టి, ఆమె చెబుతున్నకొద్దీ రాసుకుంటూ పోయింది. నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. రాసిందంతా ఫోన్‌లోకి ఎక్కించి, పంపబోతూ వేలు ఆపింది. కాగితం పైకెత్తి గట్టిగా చదివి వినిపించింది.

"మీరన్నది ఇదేనా అమ్మా?"

రూతమ్మ గారు అంతవరకే విన్నారు. చీర కొంగు సర్దుకుని, మెమో తీసుకోడానికి ప్రిన్సిపాల్ గదివైపు నడిచారు.