ఆవుకంటే ముందు ఎవరు?

గట్టిదన్నవాడే కాలుపెట్టని ఇంట్లో మీ పిల్లల్ని పడుకోబెడతారా?

పూర్వం ఒక రాజు కూలీలకు మేడ కట్టించాడు. కట్టడాల పరీక్షాధికారి వీరభద్రప్ప "కొండలా ఉంది" అన్నాడు. గృహప్రవేశానికి ఆవును తెస్తే నూకాలు అనే కూలిమనిషి అడ్డం నిలిచింది. నిరుడు వీరభద్రప్ప గట్టిదన్న మరో ఇంటి కప్పు కూలే ఆమె మొగుడు పోయాడు.

"ఆవును ఆపుతావా? పాపమే!" అన్నాడు వీరభద్రప్ప.

"పాపమనే ఆపాను బాబూ. దానికేం తెలుసు? గట్టిదన్నది తమరు. ఈ వానాకాలం తమ పిల్లాపాపలతో తమరే ముందు ఇందులో కాపురముండండి."

"న్యాయమే. సామాను తెప్పించు" అన్నాడు రాజు వీరభద్రప్పతో.

"అయ్యో ప్రభూ, ముందు దూలాలు మార్చాలి!"

ఆనాటినుంచి పరీక్షించినవాడిదే తొలి కాపురమని శాసనమైంది.

ఆ సాయంత్రం నూకాలు అలవాటుగా రెండు కంచాలు పెట్టింది. "నేను నిరుడే అడిగుంటే ఇవాళ నువ్వూ తినేవాడివి కదయ్యా" అంది ఖాళీ కంచంతో.

గట్టిదన్నవాణ్ణి మీరు ఇవాళే అడగండి.