ఈరమ్మ రేకు డబ్బా

రండి, ఇంకా దగ్గరికి రండి. వెనక నిలబడినోళ్లు కూడా కూచోండి, నిలబడి వింటే కథ కాళ్లలోకి దిగిపోతుంది. సుంకన్నా, ఆ రాయి కింద పడెయ్. ఈ రోజు కథ పెద్దది కాదు. నవ్వొచ్చేదీ కాదు.

ఉరుకుందు అనే శిష్యుడికి ఒక సందేహం పట్టుకుంది. ఒక్క అబద్ధం కూడా రాయకుండా మనిషి చెడ్డపని చేయగలడా అని. అది ఎట్లా వచ్చిందో చెబుతా.

ఉరుకుందు ఆదోనిలో బడేసాబు తాత శిష్యుడు. తాత ఫకీరు. పాత గుడ్డలతో బొంతలు కుట్టుకుంటూ, దారిన పోయే బాటసారులకు ఒక పూట రొట్టె పెట్టేవాడు. పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఉరుకుందు ఆయన దగ్గర చేరాడు. ఎట్లా చేరాడన్నది చివర్లో చెబుతా, గుర్తు పెట్టుకోండి.

చదువయ్యాక ఒక కంపెనీలో కుదిరాడు. వాని పని బొమ్మలు గీయడం. పూలూ పిట్టలూ కాదు. ఒక మిల్లులోనో ఆఫీసులోనో పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో దగ్గరుండి చూసి, దాన్ని కంప్యూటర్లో గీయాలి. ఒక్కో పనికి ఒక పెట్టె. పెట్టెకూ పెట్టెకూ మధ్య బాణం. ఎక్కడైనా ప్రశ్న వస్తే గాలిపటం ఆకారం: అవునంటే ఇటు, కాదంటే అటు. చివర్న ఒక సున్నా. సున్నా దగ్గర పని ముగిసినట్టు. ఆ బొమ్మను సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే మర్నాటి నుంచి పని బొమ్మ ప్రకారమే నడుస్తుంది. మనిషి అటూ ఇటూ జరగడానికి ఉండదు.

మంచి పనిమంతుడు. "నేను గీసినానంటే చీమ పోయే దారి కూడా అందులో ఉంటాది" అనేవాడు.

ఒకసారి ఒక ట్రస్టు వాళ్ల ఉచిత ఆసుపత్రిలో మందుల గది పని గీయమన్నారు. నాలుగు రోజులు కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూచున్నాడు. మందులిచ్చేది ఈరమ్మ. డాక్టరు ఆ నెలలో రాసిన చీటీ ఉంటేనే మందు. చీటీ పాతదైతే లేదు. అది అక్కడి రూలు.

అయితే పాత చీటీల వాళ్లు కూడా వట్టి చేతుల్తో పోవడం లేదు. ఈరమ్మ బల్ల కింద ఒక రేకు డబ్బా ఉంది. మందు మారినవాళ్లు, పోయినవాళ్ల తాలూకు మనుషులు, మిగిలిన మాత్రలు తెచ్చి ఆమె చేతిలో పెట్టిపోతారు. ఆమె తేదీలు చూసి, అట్టలు వేరు చేసి దాస్తుంది. దూరపు పల్లెల వాళ్లు పాత చీటీతో వస్తే అందులోంచి పది రోజులకు ఇస్తుంది. ఊరికే ఇవ్వదు, "ఈలోపల డాక్టరుకు చూపించుకోకపోతే కాళ్లు ఇరుగుతాయి నీకు" అని తిట్టి ఇస్తుంది.

"ఈ డబ్బా ఏందక్కా?" అని ఉరుకుందు అడిగాడు.

ఆమె నవ్వి, మూత తీసి చూపించింది. "ఇది నీ బొమ్మలోకి ఎక్కేది కాదులే అప్పా. టీ తాగు."

ఉరుకుందు టీ తాగాడు. సాయంత్రం డబ్బాను బొమ్మలోకి ఎక్కించాడు. ఒక పెట్టె, రెండు బాణాలు.

ఆసుపత్రి పెద్దలు బొమ్మను గోడ మీద వేయించుకుని చూశారు. "ఇన్నేండ్లుగా మా కండ్ల ముందర జరుగుతా ఉంటే మాకే తెలీలేదే! శభాష్" అన్నారు. ఆ తర్వాత, "ఆ పెట్టె తీసెయ్" అన్నారు.

తీసేశాడు. ఒక్క మీట నొక్కితే పోయింది. పాత చీటీ దగ్గర 'కాదు' అనే బాణాన్ని నేరుగా సున్నాకు కలిపాడు. బొమ్మ ముందుకంటే అందంగా వచ్చింది. ఆ వారమే ఈరమ్మను కూడా తీసేశారు.

మరుసటి నెల బీరప్ప అనే గొర్రెల కాపరి వచ్చాడు. మూర్ఛ రోగం ఆయనకు. చీటీ పాతది. కొత్తగా చేరినాయన చీటీ నంబరు కొడితే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. "డాక్టరు సోమవారం వస్తాడు పెద్దాయనా, అప్పుడు రా" అన్నాడు. బీరప్ప వంగి బల్ల కిందికి చూశాడట. ఏమీ కనపడలేదు. లేచి వెళ్లిపోయాడు. శనివారం గొర్రెల మందను తోలుకుని కాలువ దాటుతూ పడ్డాడు. మోకాటి లోతు నీళ్లు. మూర్ఛ వచ్చినవానికి అవి చాలు.

సంగతి తెలిసి ఉరుకుందు ఈరమ్మను వెతుక్కుంటూ పోయాడు. మార్కెట్ యార్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూచుంది.

"అక్కా, నేను ఉన్నదే గీసినా. లేనిది ఒక్కటీ రాయలేదు."

ఆమె తలెత్తలేదు. "రాసినావని ఎవరన్నారప్పా? నువ్వు అడిగితే నేనే కదా మూత తీసింది. మంచోని మాదిరి కనపడితివి."

వాడు అక్కడి నుంచి నేరుగా తాత దగ్గరికి వచ్చాడు. అంతా చెప్పాడు. చెప్పి, "ఉన్నది ఉన్నట్టు గీయడం తప్పా తాతా?" అన్నాడు.

తాత చేతిలో కుట్టు పూర్తి చేశాడు. దారం తెంపాడు. బొంత మీద గీతలు గీసుకునే సుద్దముక్క వాని చేతికిచ్చాడు.

"నువ్వు ఈ ఇంట్లోకి ఎట్ల వచ్చినావో గీయి. ఇదో, ఈ నేల మీద."

ఉరుకుందుకు కొంచెం ఊపిరి వచ్చింది. ఇది తెలిసిన పనే కదా. మొదటి పెట్టె: మనిషి వచ్చాడు. బాణం. తర్వాత గాలిపటం. ఆ ఇంటికి ఉండేది ఒకే రూలు, తాత గురువు పెట్టింది, గడప మీద రాసి ఉంది: అన్నం బాటసారికే, ఒక్క పూటే. కాబట్టి గాలిపటంలో 'బాటసారేనా?' అని రాశాడు. 'అవును' బాణం గీశాడు. 'కాదు' బాణం గీసి, దాని చివర సున్నా చుట్టాడు.

అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఇప్పుడు చెబుతా, వాడు ఎట్లా చేరాడో. వాడు బాటసారి కాడు. అదే వీధిలో నాలుగిండ్ల అవతల అద్దెగదిలో ఉండేవాడు. ఆకలికి తట్టుకోలేక ఒక రోజు వచ్చి, బాటసారినని చెప్పి తిన్నాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు.

"ఏ ఊరు నాయనా నీది?" అని తాత అడిగేవాడు.

"పత్తికొండ" అనేవాడు. మర్నాడు "ఆలూరు". ఆ మర్నాడు "కోసిగి". చుట్టుపక్కల ఊర్లన్నీ అయిపోయాక బళ్లారి వైపు ఊర్లు మొదలుపెట్టాడు. ఎనిమిది నెలలు అట్లాగే తిన్నాడు. ఒకరోజు ఏ పేరూ తోచక "రాయచూరు" అంటే, తాత, "అబ్బో, అంత దూరం నడిచినావా! ఇంకో రొట్టె ఏస్కో" అన్నాడు.

సుద్దముక్క చేతిలో అట్లాగే ఉంది. సున్నా నుంచి బాణం బయటికి రాదు. అది వానికి బాగా తెలిసిన రూలు.

తాత లోపలికి పోయి పళ్లెం తెచ్చాడు. రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు. బొమ్మ పక్కన పెట్టి, ఎదురుగా కూచున్నాడు.

"ఏ ఊరు నాయనా నీది?" అన్నాడు.

ఉరుకుందు నోరు తెరిచాడు. ఒక్క ఊరి పేరూ రాలేదు.

ఏందిరా సుంకన్నా? తిన్నాడా అని అడుగుతున్నావా? నాకు తెలీదు. ఈరమ్మను మళ్లీ పనిలో పెట్టుకోలేదని మాత్రం తెలుసు. లేవండి, లేవండి. మీ అమ్మలు పళ్లేలు పెట్టుకుని వాకిలి దిక్కు చూస్తా ఉంటారు. పోయి తినండి.