ఎగరని మసి

ఓబులేసుకు వచ్చిన చిక్కు ఒక్కటే. తళతళలాడేట్టు కడిగి పంపిన బండి మూడోసారి తిరిగొచ్చింది.

వేరే బండయితే అంత బాధపడేవాడు కాదు. మెకానిక్ షెడ్డన్నాక బండ్లు తిరిగి రావా ఏంటి! కానీ ఇది గడువు బండి. గిద్దలూరులో కాశింపీరా ఉస్తాద్ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడు సొంత షెడ్డు పెట్టుకుంటానంటే ఉస్తాద్ ఒక బండి చూపిస్తాడు. దాన్ని శిష్యుడు ఒక్కడే బాగుచేయాలి. అదే జబ్బుతో నెలలోపు అది తిరిగి రాకూడదు. వచ్చిందా, గడువు మళ్లీ మొదటి రోజు నుంచి. దాటితే ఉస్తాద్ "పో" అంటాడు. ఆ ఒక్క మాట లేకుండా షెడ్డు తెరిచిన శిష్యుడు ఇంతవరకూ లేడు.

ఆ మాట కోసం ఓబులేసు తొమ్మిదేళ్లు పనిచేశాడు. నంద్యాల రోడ్డులో చోటు చూసుకున్నాడు. పేరుతో సహా బోర్డు కూడా రాయించేశాడు. చూడండి తొందర!

ఇంతకూ ఆ బండి యేసోబుది. కొండపల్లెల నుంచి రోగుల్ని ఘాట్ రోడ్డు దాటించి నంద్యాల ఆస్పత్రికి చేరుస్తుంటాడు. డీజిల్ కారు. ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, నల్లటి పొగ కక్కుతుంది, డ్రైవర్ ఎదురుగా పసుపు లైటు వెలుగుతుంది. ఓబులేసు స్కానర్ తగిలించగానే తేలిపోయింది, జబ్బు ఈజీఆర్ వాల్వుది అని. ఇంజిన్ వదిలిన పొగలో కొంచెం మళ్లీ ఇంజిన్‌లోకే పంపే చిన్న తలుపు లాంటిది అది. మసి పేరుకుంటే ఆ తలుపు సరిగ్గా మూసుకోదు. ఇంజిన్‌కు మంచి గాలి చాలదు.

దాన్ని విప్పి, క్లీనర్ కొట్టి, బ్రష్షుతో తోమి, ముఖం చూసుకోవచ్చన్నట్టు తయారుచేశాడు. సందు మూసే కొత్త గాస్కెట్ వేసి బిగించాడు. లైటు పోయింది. బండి పద్దెనిమిదో రోజు తిరిగొచ్చింది. మళ్లీ కడిగాడు. పదిహేనో రోజు వచ్చింది. మళ్లీ కడిగాడు. ఇప్పుడేమో పన్నెండు రోజులకే.

"నిన్న ఘాట్లో సగం ఎక్కి మొరాయించింది ఓబులన్నా," అన్నాడు యేసోబు. "వెనక సీట్లో నిండు చూలాలు. వాళ్లమ్మ నన్ను తిట్టిన తిట్లన్నీ నీకు చేరాల్సినవే. దారినపోయే జీపు ఆగబట్టి సరిపోయింది గానీ..."

ఓబులేసు ఆత్రంగా అడిగాడు. "తల్లీబిడ్డా బాగున్నారా?"

"బాగున్నారు. ఆడపిల్ల. బాగలేనిది నా బండే."

ఓబులేసు లోపలికెళ్లి ఒక రేకు ముక్క తెచ్చాడు. కత్తెరతో అరచేయంత కత్తిరించడం మొదలుపెట్టాడు. పాత కారు సీటు మీద కూర్చుని టీ తాగుతున్న ఉస్తాద్ అది చూశాడు.

"ఏందిరా అది?"

"రేకు ఉస్తాద్. వాల్వుకు అడ్డంగా బిగించేస్తా. పొగ దారే మూసేస్తే ఇంక మసి ఎక్కడిది? అందరూ చేసేదే కదా."

"ఓహో. అందరూ చేసేదే."

"నా కడగడంలో లోపం లేదు ఉస్తాద్. మూడుసార్లూ మీకు చూపించా. అద్దంలా లేదా?"

"ఉంది. అద్దంలాగే ఉంది. మసి ఏం చేశావ్?"

"మసా? పారబోశా."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "వాల్వు విప్పు. కడగొద్దు."

ఓబులేసు విప్పాడు. ఉస్తాద్ అతని చేతిలోని రేకు ముక్క తీసుకుని, స్క్రూడ్రైవర్‌తో వాల్వులోని మసిని దాని మీదికి గీరాడు. ఒక చెంచాడు పడింది. రేకును తెచ్చి ఓబులేసు ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు.

"ఊదు."

"ఉస్తాద్! ముఖమంతా..."

"ఊదరా."

యేసోబు ఎందుకైనా మంచిదని నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఓబులేసు కళ్లు గట్టిగా మూసుకుని ఊదాడు. ఒక కన్ను తెరిచాడు. మసి కదల్లేదు. ఈసారి బుగ్గలు పూరించి ఊదాడు. మసి నిగనిగలాడుతూ రేకును పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఏరా, దమ్ము చాల్లేదా? తొమ్మిదేళ్లు మా ఇంట్లో తిన్న బిర్యానీ అంతా ఎటుపోయింది?"

యేసోబు పడీ పడీ నవ్వాడు. ఓబులేసు నవ్వలేదు. అతని భార్య కూతురి కోసం ఇంట్లోనే కాటుక చేస్తుంది. దీపం మీద పళ్లెం బోర్లిస్తే పట్టిన మసిని ఆమె తీస్తున్నంతసేపూ పక్కన ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వదు. శ్వాస తగిలినా ఎగిరిపోతుంది. అందులో ఆముదం చుక్క పడ్డాక మాత్రం ఫ్యాను కింద పెట్టినా కదలదు.

రేకు మీది మసిని చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. జారుతోంది. వేళ్లకు నూనె జిడ్డు అంటింది.

"యేసోబన్నా, ఇంజిన్ ఆయిల్ తగ్గుతోందా?"

"నెలకు లీటరు పోస్తానే ఉండా గదన్నా."

"ముందే చెప్పొద్దా?"

"నువ్వెప్పుడు అడిగితివి? వచ్చీరాగానే ఆ మిషను తగిలిస్తివి. అడిగేదంతా దాన్నే అడిగితివి."

ఓబులేసు బానెట్ కిందికి వంగాడు. స్కానర్ జోలికి పోలేదు. ఇంజిన్ నెత్తి మీద నుంచి గాలి పీల్చే దారిలోకి వెళ్లే గొట్టాన్ని వేలితో తడుముకుంటూ పోయాడు. ఇంజిన్ లోపలి ఆవిరి ఆ గొట్టంలోంచే పోతుంది. ఆవిరితో పాటు ఆయిల్ పోకుండా ఆపడానికి మధ్యలో జల్లెడ లాంటి భాగం ఒకటి ఉంటుంది. అది చివికిపోయి ఉంది. ఆయిల్ యథేచ్ఛగా గాలిదారిలోకి దిగుతోంది. అక్కడ పొగతో కలిసి కాటుకవుతోంది. వాల్వును ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం?

మధ్యాహ్నానికి కొత్త భాగం తెప్పించి వేశాడు. గొట్టాలన్నీ కడిగాడు. వాల్వును అన్నిటికంటే చివర కడిగాడు.

పొద్దు వాలకముందే ముగ్గురూ ఘాట్ ఎక్కారు. యేసోబు నడుపుతున్నాడు. నిన్న ఆగిన మలుపు దగ్గర అతను నోట్లో ఏదో ప్రార్థన చేసుకున్నాడు గానీ బండికి ఆ అవసరం రాలేదు. పొగ లేదు, మూలుగు లేదు. పైదాకా వెళ్లి తిరిగొచ్చారు.

షెడ్డు ముందు దిగాక ఓబులేసు తల వంచుకునే అన్నాడు. "ఇవాళ్టి నుంచి మళ్లీ నెల లెక్కపెట్టుకుంటా ఉస్తాద్."

"ఎందుకు? పో. రేపే తెరుచుకో."

"గడువు కాలేదు కదా ఉస్తాద్. బండి మళ్లీ వస్తే?"

ఉస్తాద్ సీటు మీద దుమ్ము దులిపి కూర్చున్నాడు.

"గడువు బండికి పెట్టింది కాదురా, మసి ఎక్కడ్నుంచి వస్తోందని నువ్వు వెతికేదాకా పెట్టింది," అన్నాడు.