కానుగ కింద ఒకటే గింజ

చెరకుతోట వెనక జంతువుల బడిలో దెబ్బలు తగలని రోజు లేదు. ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజూ లేదు. మేకపిల్ల లచ్చికి ఒళ్లు మండేది అందుకే.

"మన బడిలో ఎవరైనా ఎవరినైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కురా. ఎవరూ చెప్పకపోతే సాయంత్రం బడి పుస్తకంలో అలాంటిదేం లేదనే రాసేస్తాను" అన్నారు ఎద్దు మేష్టారు లచ్చితో, నెమరేస్తూ.

ఏడిపించేది కొండముచ్చని అందరికీ తెలుసు. చెప్పేవాళ్లేరీ?

"నీ చెవి అలా వాచిందేమే?" లచ్చి ముందుగా కుందేలుని అడిగింది.

"తలుపులో పడింది."

"మన బడికి తలుపే లేదు కదే!"

"అయితే కిటికీలో."

బాతు తోకలో ఈకల్లేవు. "ఎండలు కదక్కా, చల్లగా ఉంటుందని నేనే పీకేసుకున్నా" అంది.

లచ్చి తల బాదుకుంది. పైగా చెట్టుమీంచి కొండముచ్చు, "నన్నడగవేం? ఇంత ప్రశాంతమైన బడి ఎక్కడా లేదని రాసుకో" అన్నాడు.

కుందేలు లచ్చిని చాటుకి పిలిచింది. "నీకు పుణ్యముంటుంది, నా పేరు రాయకే. ఎలాగూ సోమవారం నుంచి నేను బడి మానేస్తున్నా."

లచ్చికి ఉన్నది ఆ ఒక్క నేస్తమే. కోపం కాస్తా ఏడుపైంది. ఎవరని అడిగితే ఈ మూగమొద్దులు చచ్చినా చెప్పరు. అడగాల్సింది అది కాదు.

మధ్యాహ్నం అందరికీ తలో చింతగింజ ఇచ్చింది. "మంచినీళ్ల కుండ ఎక్కడ పెట్టాలో చూడాలి. రోజూ మీరు సద్ది తినే చోట గింజ పెట్టి రండి."

ఇందులో భయపడటానికేముంది? అందరూ పెట్టొచ్చారు. కొండముచ్చు తన గింజని కానుగ చెట్టు కింద, సరిగ్గా నడిమధ్యలో, దర్జాగా పెట్టాడు.

లచ్చి మేష్టారిని వెంటబెట్టుకుని తిప్పింది. పేడకుప్ప వెనక పదకొండు గింజలు. ముళ్లకంచె పక్కన తొమ్మిది. గోడవారన, మండుటెండలో పద్నాలుగు. బడి మొత్తానికి సరిపోయే కానుగ నీడలో ఒక్కటే.

మేష్టారు నెమరు ఆపేశారు. "ఇదెవరిది?"

"నాదేనండీ!"

"మరి మిగతావాళ్లు?"

"వాళ్లకి నీడ పడదండీ."

"ఎండకి తాళలేక ఈకలు పీకేసుకున్న బాతుకి కూడానా?" అంది లచ్చి.

దాక్కుని తింటున్నది తనొక్కతే అనుకున్న కుందేలు ఆ గింజలన్నిటినీ చూసింది. పేడకుప్ప దగ్గర తన గింజ ఏరుకొచ్చి కానుగ కింద పెట్టింది.

"నా చెవి మెలిపెట్టింది వీడే, మేష్టారూ."

"నా ఈకలూ వీడే పీకాడు" అంటూ బాతు తన గింజ తెచ్చింది. ఆ వెనక అందరూ కదిలారు.

సోమవారం కుందేలు అందరికన్నా ముందే బడికొచ్చింది. మేష్టారు కూడా తన గడ్డిమోపు కానుగ కిందకే తెచ్చుకున్నారు. కొండముచ్చు మాత్రం ఆయన ఆజ్ఞ ప్రకారం నెల్లాళ్లు పేడకుప్ప వెనక ముక్కు మూసుకుని తిన్నాడు.

నీతి: ఎవరు కొట్టారని భయపడ్డవాళ్లని అడిగితే చెప్పరు, ఎక్కడ కూర్చుంటున్నారో అడగండి.